ఆనిఆని: అరచేతిలో ఒదిగే ఇండోనేసియా కోతకత్తి ఏ వరికి పనికొస్తుంది?

జావాలో దీన్ని ఆనిఆని అంటారు. పడమటి జావాలోని సుందా ప్రజలకు ఇది ఎతెం, బాలిలో అంగ్గపన్, మలయ్ మాట్లాడే చోట్ల కెతం. పేర్లు ఎన్నున్నా వస్తువు ఒకటే: వరి వెన్నులను ఒక్కొక్కటిగా కోసే చిన్న కత్తి. పొట్టిరకం వరి వేసిన పొలానికి దీన్ని తెచ్చుకోవద్దు. నడుము విరుగుతుంది, గింజ నేలపాలవుతుంది. నిలువెత్తు పెరిగి, గింజకు మీసాలుండి, పండినా రాలని పాత వరికి మాత్రం దీనికి సాటి వచ్చే పనిముట్టు లేదు. విత్తనానికి వెన్నులు ఏరుకునేవాళ్ల చేతిలోనైతే ఏ రకం వరిలోనైనా ఇది ఉండాల్సిందే. ఇక కోతకు ముందు జరిగే పూజలో దీని చోటును కొడవలి నేటికీ తీసుకోలేకపోయింది. ఎందుకో అర్థం కావాలంటే కత్తి ఒక్కదాన్నే చూస్తే చాలదు. అది కోసే వరినీ, కోశాక కట్టే కట్టనూ, ఆ కట్ట చేరే గాదెనూ కలిపి చూడాలి.

కత్తిలో ఉండేవి మూడు ముక్కలు. అరచేతిలో పట్టే పలచని చెక్క పలక, దాని ముందంచున గాడి తీసి దించిన సన్నని ఉక్కు అలుగు, పలకకు అడ్డంగా దూర్చిన వెదురు పిడి. అలుగు పొడవు మన రెండు మూడు వేళ్ల వెడల్పుకు మించదు. చెక్కలోంచి బయటికి కనిపించేది కూడా దాని అంచు మాత్రమే. కొందరు పలకను పక్షి ఆకారంలోనో, తీగల నగిషీతోనో చెక్కుతారు. చెక్కడం ఎంత అందంగా ఉన్నా కోతకు పనికొచ్చేది పలక మందమూ అలుగు బిగువూ. పలక మందంగా ఉంటే వేళ్ల మధ్య ఇమడదు, గంటసేపటికే వేళ్లు ఎడమై నొప్పి పుడుతుంది.

పట్టుకునే తీరు చూసి నేర్చుకోవాల్సిందే అయినా, వరస ఇదీ. వెదురు పిడి అరచేతిలో అడ్డంగా ఆనుకుని ఉంటుంది. పలక మధ్యవేలికీ ఉంగరం వేలికీ నడుమ నుంచి బయటికి వస్తుంది. వేళ్లు చాచి కాడను అందుకుని, వంచి, అలుగు మీదికి లాక్కుంటే కాడ తెగుతుంది. కత్తిని విసరడం ఉండదు. తెగిన వెన్ను ఎడమ చేతికి చేరుతుంది. ఎడమ పిడికిలి నిండాక వెన్నులన్నీ ఒకే వైపుకు సర్ది, కాడలు సమంగా తట్టి, వెదురు నారతో కడతారు. కోయాల్సిన చోటు వెన్ను మెడ దగ్గర కాదు, దానికి జానెడు కిందుగా. మెడ దగ్గర కోస్తే కట్టడానికి కాడ మిగలదు, కట్ట జారిపోతుంది. మరీ కిందుగా కోస్తే కట్ట నిండా ఆకూ గడ్డీ చేరి ఆరడం ఆలస్యమవుతుంది, లోపల బూజు పడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంకో తప్పు, ఒకేసారి నాలుగైదు కాడలు పోగేసి లాగడం. పలచని అలుగు అంత బరువును తట్టుకోలేక గాడిలో ఊగుతుంది, కాడ తెగే బదులు నలుగుతుంది, ఆ కుదుపుకు గింజ చిందుతుంది. మంచు తడి ఆరకముందు పొలంలో దిగినా ఇబ్బందే. తడి కాడ వేళ్లలో జారుతుంది, తడి కట్ట లోపల వేడెక్కుతుంది.

ఇంత నిదానమైన పనిముట్టును వందల ఏళ్లు ఎందుకు వదల్లేదంటే, రెండు జవాబులున్నాయి. ఆ రెండూ ఒకే పొలంలో పుట్టినవే.

మొదటిది వరి తల్లి. జావాలో దేవీ శ్రీ, సుందా ప్రాంతంలో న్యై పొహాచి సంఘ్యాంగ్ అస్రి. సుందా కథలో ఆమె పాతాళ నాగదేవుడి కన్నీటి బొట్టు గుడ్డుగా మారగా అందులోంచి పుట్టిన పిల్ల. దేవలోకంలో పెరిగిన ఆమె అందం కలహానికి దారి తీస్తుందని దేవతలు విషమిచ్చి చంపి, భూమ్మీద పాతిపెట్టారు. ఆ సమాధి మీద తల నుంచి కొబ్బరి, తొడల నుంచి వెదురు, నాభి నుంచి వరి మొలిచాయంటారు. వరి ఆమె కళ్ల నుంచి వచ్చిందని చెప్పే ఊళ్లూ ఉన్నాయి. ఏ ఊరి కథలోనైనా చేలో నిలబడి ఉన్నది ఆమె శరీరమే. వెన్ను పాలుపోసుకునే దశను గర్భంగా చూసి, గర్భిణికి పెట్టినట్టే పుల్లని పళ్లు నైవేద్యం పెట్టేది అందుకే. అలాంటి చేను ముందు కొడవలి ఎత్తితే ఆమె బెదిరి వెళ్లిపోతుందని నమ్మకం. ఆనిఆని అలుగు వేళ్ల చాటున దాగి ఉంటుంది. వరి తల్లి కంట పడకుండా, నొప్పి తెలియకుండా కోయడానికే ఈ ఆకారమని పెద్దలు చెబుతారు.

రెండోది వరి స్వభావం. జావా, బాలి ద్వీపాల పాత వరిని రెండు జాతులుగా చూస్తారు: మీసాలున్న బులు, మీసాలు లేని చెరె. బులు రకాలు మనిషి భుజం దాకా పెరుగుతాయి, కోతకు 5–6 నెలలు పడుతుంది. ఒకే దుబ్బులో వెన్నులన్నీ ఒకేసారి పండవు. గింజ మాత్రం వెన్నును గట్టిగా పట్టుకుని ఉంటుంది. కొడవలితో మొదలంటా కోస్తే పచ్చిదీ పండిందీ కలిసిపోతాయి. ఆనిఆనితో ఈరోజు పండిన వెన్ను తీసుకుని, వారం ఆగి అదే మడిలోకి మళ్లీ దిగవచ్చు. వెన్నులు ఛాతీ ఎత్తులో ఉంటాయి కనుక వంగే పని లేదు. గింజ రాలదు కనుక కట్ట కట్టి, మోసి, వేలాడదీసి, ఏళ్ల తరబడి వెన్ను మీదే నిల్వ ఉంచవచ్చు. మన్నన, పనితనం ఇంత చక్కగా ఒకే పనిముట్టులో కలవడం అరుదు. ఒకటి నిజం, రెండోది మూఢనమ్మకం అని విడదీసేవాళ్లకు ఈ కత్తి సగమే అర్థమవుతుంది.

ఇక పూజల సంగతి. యోగ్యకర్త చుట్టుపక్కల పల్లెల్లో కోతకు ముందు చేసే దాన్ని వివితన్ అంటారు. రోజు ఊరికే కుదరదు. వారంలోని ఏడు రోజులకు కొన్ని అంకెలు, లెగి, పహింగ్, పొన్, వగే, క్లివోన్ అనే ఐదు రోజుల చక్రానికి కొన్ని అంకెలు ఉన్నాయి. ఉదాహరణకు గురువారానికి 8, క్లివోన్‌కు 8. రెండూ కలిపి లెక్క కట్టి పెద్దాయన రోజు చెబుతాడు. పొలం గట్టు మీదికి కొబ్బరిపాలతో వండిన అన్నం, నిండుగా ఉడికించిన కోడి, గుడ్లు, కొబ్బరికోరు కలిపిన ఆకుకూరలు, చిన్న ఎండుచేపలు, సోయా గింజలతో నూరిన పచ్చడి, అరటి గెల, పూలు, సాంబ్రాణి, మట్టి కూజాలో నీళ్లు వస్తాయి. ధూపం వేసి, వరి తల్లిని ఇంటికి రమ్మని పిలిచి, ఆనిఆనితో మొదటి వెన్నులు కోస్తారు. వాటిని రెండు చిన్న కట్టలుగా కట్టి పెళ్లికూతురు, పెళ్లికొడుకుగా భావించి, పూలు తురిమి ఇంటికి తీసుకెళ్తారు. పాత జావా ఇళ్లలో నడిమి గది దేవీ శ్రీకి చెందినది. అక్కడో గాదెలోనో వాటిని వేలాడదీస్తారు. అన్నం మాత్రం అక్కడికక్కడే ఆకుల్లో పెట్టి పిల్లలకూ కూలీలకూ దారిన పోయేవాళ్లకూ పంచేయాలి. నైవేద్యాన్ని మూటగట్టి ఇంటికి తీసుకుపోతే పూజ అర్థమే పోతుంది.

సుందా పల్లెల్లో ఇదే ఘట్టం మిపిత్. కోయాలంటే సెలవు అడగాలి, తీసుకోవాలంటే ఇమ్మని వేడుకోవాలి అన్నది అక్కడి సామెత. ముందుగా చేలో అమ్మ వరి అని నిండైన దుబ్బును ఎంచుతారు. ఆ వెన్నులు వచ్చే ఏటి విత్తనానికి మూలం. బాలిలోనైతే మొదటి కోత వెన్నులతో నిని అనే ప్రతిమ కట్టి, గాదెలో కూర్చోబెట్టి, నిల్వ ఉన్నన్నాళ్లూ పూజిస్తారు. ఈ మూడు చోట్లా ఆనిఆని కోతే ఎందుకంటే, ప్రతిమగా కట్టాలన్నా, వధూవరులుగా జత చేయాలన్నా జానెడు కాడతో, చెదరని వెన్ను కావాలి. కొడవలి కోతలో అది దొరకదు.

కట్ట తర్వాతి ప్రయాణం చూడాలంటే పడమటి జావాలోని సుకబూమి జిల్లా, హలిమున్ కొండల్లో ఉన్న చిప్తగెలర్ మంచి చోటు. ఈ ఆదివాసీ సంప్రదాయ సమాజం 2001లో పాత ఊరు చిప్తరసా నుంచి ఇక్కడికి తరలివచ్చింది. 2007 నుంచి అబా ఉగి పెద్దరికం వహిస్తున్నారు. ఏడాదికి ఒకే పంట. ఆకాశంలో కృత్తికలు, ఓరియన్ నక్షత్రాల స్థానాన్ని బట్టి పనిముట్లు తీయడం, పొలంలో దిగడం నిర్ణయమవుతుంది. అందరూ ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, తర్వాత నేలకు విశ్రాంతి ఇస్తారు కాబట్టి పురుగు ఒక పంట నుంచి ఇంకో పంటకు దాటే దారి తెగుతుంది. కోసిన కట్టలు లంతయన్ అనే వెదురు దండేల మీద తలకిందులుగా ఎండకు వేలాడుతాయి. కోతప్పుడు గింజలో 20–25 శాతం తేమ ఉంటుంది. 14 శాతం లోపుకు దిగకుండా గాదెకెక్కిస్తే బూజు ఖాయం. ఆరిన కట్టలు లెయుయిత్ అనే గాదెలోకి వెళ్తాయి. దిమ్మెల మీద లేపిన స్తంభాలు, కింద ఇరుకై పైకి పోను వెడల్పయ్యే గోడలు, నల్లని తాటిజాతి పీచు కప్పు. ఇళ్లవారికి ఎవరి గాదె వారికుండగా, ఊరి మొత్తానికి సీ జిమత్ అనే ఉమ్మడి గాదె ఉంది. గింజలుగా పోసిన రాశిలో గాలి ఆడదు, కట్టల పేర్పులో ఆడుతుంది. వెన్ను మీద పొట్టుతో సహా ఉన్న వరి ఏళ్లకేళ్లు చెడకుండా ఉండటంలో ఈ గాలిది పెద్ద పాత్ర. అక్కడ బియ్యం అమ్మడం నిషిద్ధం, మిల్లు పట్టించడమూ నిషిద్ధమే. ఆడవాళ్లు పడవ లాంటి పొడవాటి రోట్లో కట్టను వేసి దంచి ముందు గింజ రాలుస్తారు, తర్వాత గుండ్రటి గుంటలో పొట్టు ఊడదీసి చేటతో చెరుగుతారు.

మోసే పద్ధతి కూడా కట్టను బట్టే. రెంకోంగ్ అనే వెదురు కావడికి రెండు కొసలా వరి కట్టలు పీచు తాళ్లతో వేలాడుతాయి. నడుస్తుంటే తాడు వెదురు గాటులో ఒరుసుకుని గరగరమని ధ్వని వస్తుంది. బరువు చాలకపోతే తాడు పట్టదు, శబ్దం రాదు. వేడుకల్లో ఖాళీ గడ్డి కట్టలతో నడిపించే రెంకోంగ్ మూగబోయేది ఇందుకే.

ఇంత చెప్పాక దీని ఓటమి గురించీ అంతే సూటిగా చెప్పాలి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 అనే పొట్టి వరి రకాన్ని విడుదల చేసింది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి పెతా అనే ఇండోనేసియా రకమే. పీబీ8 పేరుతో అది ఇండోనేసియా పొలాల్లోకి వచ్చింది, వెనకే అదే కుదురుకు చెందిన రకాలు వరసకట్టాయి. ఇవి నడుము ఎత్తు దాటవు. వెన్ను పోటాకు (కాడకు చివరన నిలిచే ఆకు) చాటున ఉంటుంది. అంతా ఒకేసారి పండుతుంది, పండిందంటే తాకితే రాలుతుంది. ఆనిఆని గొప్పతనాలన్నీ ఇక్కడ లోపాలే. కోసేవాళ్లు రోజంతా వంగాలి, ఆకుల్లో వెన్ను వెతకాలి, లాగిన ప్రతిసారీ నాలుగు గింజలు రాలతాయి, రాలే గింజను కట్టగా నిల్వ చేయలేరు. 1970ల్లో జావాలో కొడవలి గెలవడానికి ఇదో కారణం. మరో కారణం కూలి. అంతకుముందు కోతకు వచ్చిన ఊరి ఆడవాళ్లందరికీ చోటివ్వాలి, కోసినదాంట్లో వాటా వడ్లే కూలి. దాని పేరు బవోన్. తర్వాత యజమానులు నిలబడి ఉన్న పంటనే బేరగాళ్లకు అమ్మేయసాగారు. బేరగాడు కొడవళ్లతో తన మనుషులను, ఎక్కువగా మగవాళ్లను, తెచ్చుకున్నాడు. భూమి లేని ఆడవాళ్ల చేతిలోంచి ఆనిఆనితో పాటు ఏడాది తిండిగింజలో భాగమూ పోయింది. ఈ నష్టాన్ని దిగుబడి లెక్కల్లో వెతికితే కనబడదు. కొత్త రకాలతో ఏడాది పొడవునా వరి మీద వరి వేయడం సుడిదోమకు కలిసొచ్చింది. చివరికి 1986లో అధ్యక్షుడి ఆదేశంతో వరి మీద 57 పురుగుమందుల వాడకాన్ని ఆపాల్సి వచ్చింది.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే, అయితే తప్పకుండా చూడాలి. అలుగును బొటనవేలితో పక్కకు నెట్టండి. కదిలితే వదిలేయండి. జిగురుతో అంటించినది పొలంలో తడికి మొదటి పూటే ఊడుతుంది, గాడిలో బిగువుగా దించినదే నిలుస్తుంది. అంచు గాడి నుంచి పొడవునా సమంగా బయటికి ఉండాలి. ఎక్కువగా పొడుచుకు వస్తే వేలు తెగుతుంది, తక్కువైతే కాడ అందదు. పిడి వెదురు ఎండినదై ఉండాలి. పచ్చి వెదురు ఆరిన కొద్దీ కుంచించుకుపోయి పలకలో తిరుగుతుంది. పిడి తిరిగే కత్తితో పూజ కోత కూడా చేయలేరు. వార్నిష్ మెరుపు, లోతైన నగిషీ ఉన్నవి దాదాపు అన్నీ గోడకు తగిలించుకోవడానికి చేసినవే. వాటి అలుగుకు పదును పెట్టి ఉండదు, పెట్టబోతే పలచని రేకు వంగుతుంది. పొలంలో వాడేది కావాలంటే పల్లె సంతల్లో వ్యవసాయ పనిముట్లు అమ్మేచోట అడగడం మేలు. ఇంకో నియమం: ఏ ఇంట్లోనైనా గాదెలో దాచిన పాత ఆనిఆని కనిపిస్తే బేరమాడవద్దు. మొదటి వెన్నులు కోసే కత్తిని చాలా కుటుంబాలు వేరుగా ఉంచుకుంటాయి.

జాగ్రత్తలు ఎక్కువేం లేవు. సన్నని సానరాయి మీద తేలిగ్గా నాలుగుసార్లు గీస్తే పదును తిరిగొస్తుంది, గట్టిగా రుద్దితే అలుగు అరిగి గాడిలోకి దిగిపోతుంది. పని అయ్యాక కాడ పసరు తుడిచి, ఆరబెట్టి, కొబ్బరినూనె పూయాలి. నీళ్లలో నానేస్తే చెక్క ఉబ్బి గాడి వదులవుతుంది.

దీన్ని దగ్గరగా చూడదలిచినవాళ్లకు మూడు చోట్లు. బాలిలోని తబనాన్ దగ్గర సంగ్గులన్‌లో 1981లో తెరిచిన సుబక్ (బాలి రైతుల సాగునీటి సంఘం) మ్యూజియంలో కోత పనిముట్లు చూడవచ్చు. పనిముట్ల వరసను అర్థం చేసుకోవడానికి అది చాలు, కోత చూడటానికి చాలదు. కునింగన్ జిల్లా చిగుగుర్‌లో సెరెన్ తవున్ అనే పంట వేడుక సుందా పంచాంగంలో చివరి నెల రయగుంగ్ 22న జరుగుతుంది. అది ఇస్లామీయ జిల్‌హజ్ నెలతో కలిసి నడుస్తుంది కనుక తేదీ ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. ఇది గమనించక పోయినేటి తేదీకి టికెట్టు కొంటే ఖాళీ మైదానమే మిగులుతుంది. నాలుగు దిక్కుల నుంచి ఊరేగింపుగా వచ్చే వరి 22 క్వింటాళ్లు. అందులో 20 క్వింటాళ్లు అందరూ కలిసి దంచుతారు, 2 క్వింటాళ్లు విత్తనంగా పక్కన పెడతారు. 1982లో ప్రభుత్వం ఆపేసిన ఈ వేడుక 1999లో మళ్లీ మొదలైంది. ఆ పదిహేడేళ్ల విరామం తర్వాత కూడా దంపుడు లయ ఇంత నిండుగా వినిపించడం గొప్ప సంగతి. దంచేటప్పుడు బయటివాళ్లకూ రోకలి అందిస్తారు. తీసుకుంటే పక్కవాళ్ల వేటుకు వంతు వేయాలి, లయ తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. చిప్తగెలర్‌లో సెరెన్ తవున్ తేదీ ఏటా అక్కడి పెద్దలు ప్రకటిస్తారు. కోత చూడాలనుకుంటే వేడుకకు కొన్ని నెలల ముందు వెళ్లాలి, వేడుక నాటికి వరి అప్పటికే గాదెల ముంగిట ఉంటుంది. కట్టలను దాటవద్దు, గాదె తలుపు అడగకుండా తాకవద్దు, ధూపం వేస్తున్నప్పుడు ఫోటోకు ముందు అనుమతి అడగాలి.

పూజ కోసం, పాత వరి కోసం కాకుండా మూడో ఉపయోగం విత్తనం. కొత్త రకాలు వేసే రైతులు కూడా దీన్ని ఇందుకు వాడుకోవచ్చు. గట్టుకు ఆనుకున్న సాళ్లు వదిలేసి, మడి నడిమి భాగంలో ఒకే ఎత్తున, ఒకే రంగున, కింది గింజ దాకా నిండిన వెన్నులను ఒక్కొక్కటిగా కోయాలి. కేళీలు (చేలో కలిసిన వేరే రకం మొక్కలు) కంటపడి అక్కడే ఆగిపోతాయి. మొత్తం నూర్చాక వేరు చేద్దామంటే అది కుదిరే పని కాదు. రాలే రకమైతే ఉదయం మంచు ఆరిన వెంటనే, ఎండ ముదరకముందు, నడుముకు బుట్ట కట్టుకుని కోయాలి. వెన్ను మరీ పండిపోయేదాకా ఆగకూడదు. ఈ పనికి కొనేవాళ్లు నగిషీ లేని, సన్నని పలకదే ఎంచుకోండి. విమానంలో తెచ్చుకుంటే అలుగుకు దళసరి అట్ట చుట్టి లోపలికి పంపే సామానులో పెట్టాలి, చేతిసంచిలో ఉంటే తనిఖీ దగ్గర తీసేసుకుంటారు.